లిబరేషన్ పార్టీ ఎన్నికల పట్టిక: 1989 నుంచి లెక్క ఎక్కడెక్కడ తప్పుతోంది?

గోదారిగట్టు:

సీపీఐ (ఎంఎల్) లిబరేషన్ ఇప్పటిదాకా పోటీ చేసిన ఎన్నికలన్నీ ఒకే పట్టికలోకి తెస్తున్నాను. ఎన్నికల కమిషన్ గణాంక నివేదికల పీడీఎఫ్‌లు దించుకుని, పార్టీల వారీ పేజీలు ఎక్సెల్‌లోకి ఎక్కించాను. కానీ కొన్నిచోట్ల బండి ఆగిపోయింది.

1989లో బీహార్‌లోని ఆరా లోక్‌సభ స్థానం ఈ పార్టీ గెలిచిందని అందరూ రాస్తారు. ఆ ఏడాది నివేదిక ఎంత వెతికినా పార్టీ పేరే దొరకదు. 2000లో బగోదర్ అసెంబ్లీ స్థానం గెలుపుని బీహార్ ఖాతాలో వెయ్యాలా, ఝార్ఖండ్ ఖాతాలోనా? 2005కి రెండు వరుసలు వస్తున్నాయి, దేన్ని ఉంచాలి? మన ఇల్లెందు గుమ్మడి నర్సయ్య గారు కూడా ఎంఎల్ పార్టీయే కదా, ఆయన ఇందులోకి వస్తారా?

అసలు బుర్ర తినేస్తున్నది మాత్రం వేరే. బీహార్ అసెంబ్లీ వరుసలు ఇవీ: 2010లో 104 చోట్ల పోటీ, గెలుపు సున్నా, రాష్ట్రం మొత్తం మీద ఓట్లు 1.79 శాతం. 2020లో 19 చోట్ల పోటీ, 12 గెలుపు, 3.16 శాతం. 2025లో 20 చోట్ల పోటీ, 2 గెలుపు, 2.84 శాతం. ఒకటిన్నర శాతం కూడా పెరగకుండా సున్నా నుంచి పన్నెండుకి ఎలా ఎక్కారు? మూడోవంతు శాతం తగ్గగానే రెండుకి ఎలా పడ్డారు? నా అంకెల్లో తప్పుందా?

ఫారం_ఇరవై:

అంకెలు సరిగానే ఉన్నాయండీ. ముందు పేర్ల సంగతి తేల్చుకుందాం, లేకపోతే తర్వాత చేసే కూడికలన్నీ వృథా.

1969 ఏప్రిల్ 22న పుట్టిన సీపీఐ (ఎంఎల్) పంథా ఎన్నికల బహిష్కరణ. చారు మజుందార్ 1972లో చనిపోయాక పార్టీ ముక్కలైంది. 1974లో మళ్లీ కూడగట్టుకున్న ముక్కే లిబరేషన్. 1975 చివరి నుంచి వినోద్ మిశ్రా దానికి ప్రధాన కార్యదర్శి. పార్టీ అజ్ఞాతంలోనే ఉంది కాబట్టి బహిరంగంగా పనిచెయ్యడానికి 1982లో ఇండియన్ పీపుల్స్ ఫ్రంట్ పెట్టారు. బ్యాలెట్ మీదకి వచ్చిన పేరు అదే. 1985 బీహార్ అసెంబ్లీకి ఫ్రంట్ పోటీ చేసింది, ఒక్కటీ రాలేదు. 1989లో ఆరా నుంచి రామేశ్వర్ ప్రసాద్ గెలిచారు. మీ నివేదికలో ఐపీఎఫ్ అనే పొట్టి పేరు కోసం వెతకండి. 1990 అసెంబ్లీలో 82 చోట్ల పోటీ, 7 గెలుపు కూడా ఆ పేరు కిందే ఉంటాయి. పార్టీ అజ్ఞాతం వదిలి బయటికొచ్చింది 1992 చివర్లో. 1994లో ఫ్రంట్‌ని రద్దు చేశారు. సొంత పేరుతో బీహార్ అసెంబ్లీ బరిలోకి దిగింది 1995లో, 89 చోట్ల నిలబడి 6 గెలిచారు.

కాబట్టి పట్టికలో 'పార్టీ' గడి ఒక్కటే పెట్టుకోకండి, రెండు పెట్టండి. ఒకటి నివేదికలో ఉన్న పేరు, రెండోది అసలు సంస్థ. మొదటి గడిని ఎప్పుడూ ముట్టుకోవద్దు. ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లి చూసుకోవడానికి అదొక్కటే ఆధారం.

అస్సాం మర్చిపోయినట్టున్నారు. స్వయంప్రతిపత్తి జిల్లాల లోక్‌సభ స్థానం, అంటే కార్బీ ఆంగ్లాంగ్ వైపు. అక్కడ జయంత రొంగ్పీ 1991, 1996, 1998, 1999లో వరుసగా నాలుగుసార్లు గెలిచారు. మొదటి మూడు గెలుపులు ఏఎస్‌డీసీ (అటానమస్ స్టేట్ డిమాండ్ కమిటీ) పేరు మీద, నాలుగోది మాత్రమే లిబరేషన్ పేరు మీద. ఏఎస్‌డీసీ స్థానిక స్వయంప్రతిపత్తి ఉద్యమం నుంచి పుట్టిన సంస్థ. లిబరేషన్‌తో దగ్గరి సంబంధం ఉన్నంత మాత్రాన ఐపీఎఫ్‌లాగా దాన్ని పార్టీ ముసుగు అనెయ్యడం సరికాదు. ఆ మూడింటినీ వేరే రంగులో ఉంచి, మొత్తంలో కలపకపోవడమే మంచిది.

2005కి రెండు వరుసలూ ఉండాల్సిందే. ఫిబ్రవరిలో ఎవరికీ మెజారిటీ రాలేదు, అసెంబ్లీ కొలువు తీరకుండానే రద్దయింది, అక్టోబరు-నవంబరులో మళ్లీ పోలింగ్ జరిగింది. ఫిబ్రవరిలో లిబరేషన్‌కి 109 చోట్ల పోటీకి 7, అక్టోబరులో 85 చోట్ల పోటీకి 5. సంవత్సరం గడిలో ఒట్టి 2005 అని వేస్తే ఎక్సెల్ రెండింటినీ కలిపేసి 12 చూపిస్తుంది. చూసినవాళ్లు అది 2020 అంకె అనుకునే ప్రమాదం కూడా ఉంది. నెల తప్పకుండా రాయండి.

బగోదర్ 2000: ఎన్నిక జరిగింది ఫిబ్రవరిలో, ఝార్ఖండ్ ఏర్పడింది అదే ఏడాది నవంబరు 15న. ఎన్నిక నాటికి 324 స్థానాల బీహార్. గెలిచిన 6లో మహేంద్ర సింగ్ నిలబడ్డ బగోదర్ కూడా ఒకటి. అందుకని బీహార్ వరుసలోనే ఉంచి, పక్కన 'ఇప్పుడు ఝార్ఖండ్' అని రాసుకోండి. ఆయన 1990, 1995, 2000లో మూడుసార్లు గెలిచిన మనిషి. 2005 జనవరి 16న, నామినేషన్ వేసిన మర్నాడే కాల్చి చంపారు. ఆ ఎన్నికలో ఆయన కొడుకు వినోద్ సింగ్ నిలబడి గెలిచారు. ఝార్ఖండ్ ఖాతా అక్కడ మొదలవుతుంది. 2009లో మళ్లీ వినోద్ సింగ్, 2014లో ఆయన ఓడి ధన్వార్‌లో రాజ్‌కుమార్ యాదవ్ గెలుపు, 2019లో తిరిగి వినోద్ సింగ్. ఇరవై ఏళ్లపాటు ఎప్పుడూ ఒక్కటే సీటు, కాకపోతే ఎప్పుడూ అదే సీటు కాదు.

ఫిల్టర్ జాగ్రత్త. 'సీపీఐ' అన్న అక్షరాలున్న వరుసలన్నీ లాగితే అసలు సీపీఐ కూడా వచ్చి పడుతుంది. ఒట్టి 'ఎంఎల్' అని పెడితే రెడ్‌స్టార్ లాంటి వేరే ఎంఎల్ పార్టీలూ వస్తాయి. చివర 'ఎల్' బ్రాకెట్‌తో సహా పూర్తి పొట్టి పేరు పెట్టి వెతకండి. అదికూడా ముందు అన్ని గడుల్లో అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేశాకే. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే పేరు చివర కనపడని ఖాళీ ఒకటి అంటుకొస్తుంది, దానివల్ల ఒకే పార్టీ రెండుగా లెక్కకొస్తుంది. సరిచూసుకునే పద్ధతి తేలికే: ప్రతి ఎన్నికకీ అన్ని పార్టీల గెలుపులూ, స్వతంత్రుల గెలుపులూ కూడితే సభ మొత్తం స్థానాలు రావాలి. 2000కి 324, ఆ తర్వాత 243.

డిపాజిట్_గల్లంతు:

గోదారిగట్టు గారూ, మీ చివరి ప్రశ్నకి నేను చెప్తా. మీ అంకెలు తప్పు కాదు, మీరు చూస్తున్న గడి తప్పు.

రాష్ట్రం మొత్తం మీద శాతం చిన్న పార్టీల విషయంలో దాదాపు పనికిరాదు. అది పార్టీ బలంతోపాటు ఎన్ని చోట్ల నిలబడిందన్న దాన్ని కూడా కలిపి చూపిస్తుంది. కావలసింది పోటీ చేసిన చోట్ల సగటు. కమిషన్ నివేదికల్లో ఆ గడి విడిగా ఉంటుంది. లేకపోతే ఉజ్జాయింపుగా ఇలా తియ్యొచ్చు: రాష్ట్ర శాతాన్ని మొత్తం స్థానాలతో గుణించి, పోటీ చేసిన స్థానాలతో భాగించండి. అన్ని నియోజకవర్గాల్లో ఓట్లు ఇంచుమించు సమానమనుకుంటేనే ఇది చెల్లుతుంది, బీహార్‌లో పెద్దగా తేడా రాదు.

2010: 1.79 ఇంటూ 243, బై 104. సగటున 4.2 శాతం.
2020: 3.16 ఇంటూ 243, బై 19. సగటున 40.4 శాతం.
2025: 2.84 ఇంటూ 243, బై 20. సగటున 34.5 శాతం.

ఇప్పుడు చూడండి. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరోవంతు దాటాలి, అంటే 16.67 శాతం. నోటా ఓట్లు ఆ లెక్కలోకి రావు. సగటు 4 శాతమంటే 2010లో చాలా చోట్ల డిపాజిట్ మాటే లేదు. ఏదో కొన్ని పాత కోటల్లో మాత్రమే గట్టి పోటీ. 2020లో పోటీ చేసిన ప్రతి చోటా సగటున 40 శాతం. అది ఒక్క పార్టీ ఓటు కాదు, ఆర్జేడీ, కాంగ్రెస్, వామపక్షాలు కలిసిన మహాకూటమి ఓటు మొత్తం. భూమిలేని కూలీలు, దళితులు, అత్యంత వెనుకబడిన కులాల్లో లిబరేషన్‌కి ఉన్న ఓటు మీద ఆర్జేడీ యాదవ-ముస్లిం ఓటు వచ్చి కూర్చుంది. దశాబ్దాలుగా ఎదురెదురుగా పోట్లాడుకున్న ఈ రెండు పార్టీల ఓట్లు ఒకదానికొకటి బదిలీ అవుతాయా అన్న అనుమానం 2020 దాకా చాలామందికి ఉండేది. 1990లో గెలిచిన ఐపీఎఫ్ ఎమ్మెల్యేల్లో కొందరిని లాలూ తన వైపు లాగేసుకున్న చరిత్ర కూడా ఉంది మరి.

దానికి తోడు 2020లో అవతలి ఓటు చీలింది. చిరాగ్ పాశ్వాన్ లోక్‌జనశక్తి ఎన్డీయే నుంచి విడిగా దిగి, ముఖ్యంగా జేడీయూ నిలబడ్డ స్థానాల మీద పడింది. లిబరేషన్ గెలిచిన చాలా చోట్ల ప్రత్యర్థి జేడీయూనే. 2025లో చిరాగ్ తిరిగి ఎన్డీయేలోకి వచ్చారు, ఉపేంద్ర కుష్వాహా కూడా అటే. సగటు 40 నుంచి 34.5కి తగ్గింది, ఎదుటివాళ్లు ఒక్కటయ్యారు. ముఖాముఖి పోటీలో 34 శాతం ఓటమి కిందే లెక్క. ముగ్గురు నలుగురు గట్టివాళ్లున్న పోటీలో అదే 34తో గెలిచెయ్యొచ్చు. 2025లో పాలీగంజ్, కారాకాట్ మాత్రమే నిలబడ్డాయి. అగియావ్ అయితే 95 ఓట్లతో పోయింది. ఇదంతా లిబరేషన్ ఒక్కదాని పతనమని రాయకండి. అదే ఎన్నికలో కాంగ్రెస్ 61 చోట్ల పోటీ చేసి 6 తెచ్చుకుంది, కూటమి మొత్తానికి వచ్చినవి 35.

మెజారిటీ గడి కూడా పెట్టండి, చాలా విషయాలు అందులోనే బయటపడతాయి. 2015లో లిబరేషన్ ఏ పెద్ద కూటమిలోనూ లేదు, ఇతర వామపక్షాలతో కలిసి మూడో జట్టుగా 98 చోట్ల నిలబడి 3 గెలిచింది. అందులో తరారీలో సుదామా ప్రసాద్ మెజారిటీ 272. 2020లో బలరాంపూర్‌లో మెహబూబ్ ఆలం 53,597 ఓట్లతో గెలిచారు, ఆ ఎన్నికలో బీహార్ మొత్తానికి అదే పెద్ద మెజారిటీ. అదే ఏడాది భోరేలో 462 ఓట్లతో ఓటమి. అదే బలరాంపూర్ 2025లో చెయ్యిజారింది, ఎంఐఎం గట్టిగా దిగడంతో ముస్లిం ఓటు చీలింది.

1995ని మాత్రం 'ఒంటరి పోటీ' అని గుర్తించకండి. ఆ ఏడాది నితీశ్, జార్జి ఫెర్నాండెజ్‌ల సమతా పార్టీతో సర్దుబాటు ఉంది. పొత్తు గడి లేకుండా ఈ పార్టీ పట్టిక చూస్తే సగం కథ కనపడదు.

సింగరేణి_పొద్దు:

గుమ్మడి నర్సయ్య సంగతి నేను చెప్తనన్నా. ఆయన లిబరేషన్ కాదు. చండ్ర పుల్లారెడ్డి వర్గం, తర్వాత న్యూడెమోక్రసీ. రెండూ 1969 నాటి చెట్టు కొమ్మలే గానీ మధ్యల ఎన్నో చీలికలున్నయి. ఒకే పట్టికల కలిపితే రెండు దిక్కులా కార్యకర్తలు మీ మీద పడ్తరు, న్యాయమే అది.

ఇల్లెందు ఎస్టీ రిజర్వుడు స్థానం. నర్సయ్య 1983, 1985, 1989, 1999, 2004ల గెలిచిండు, ఐదుసార్లు. 1994ల టీడీపీ పొత్తుతోని సీపీఐ తరఫున ఊకె అబ్బయ్య గెలిచిండు. 2009ల అదే అబ్బయ్య టీడీపీ గుర్తు మీద మళ్లీ గెలిచిండు. పెద్ద పార్టీల పొత్తు అవతలి దిక్కు గట్టిగ కుదిరినప్పుడు ఒక్క నియోజకవర్గం బలం సరిపోదు. బీహార్ల లిబరేషన్‌కు 2025ల జరిగింది అదే, ఇక్కడ ఒక్క సీటు మీద జరిగింది.

మీకు పనికొచ్చే ముచ్చట ఇంకోటి. ఆయన గెలుపులు కమిషన్ నివేదికల 'స్వతంత్రుడు' కిందనే ఉంటయి. 1977ల పశ్చిమ బెంగాల్ గోపీవల్లభ్‌పూర్ల సంతోష్ రాణా గెలుపూ అంతే. గుర్తింపు లేని పార్టీకి స్థిరమైన గుర్తు ఉండదు, అభ్యర్థి కమిషన్ జాబితాల మిగిలిన గుర్తు తీసుకోవాలె. పార్టీల రిజిస్ట్రేషన్‌కు ప్రజాప్రాతినిధ్య చట్టంల 29ఏ సెక్షన్ అమల్లకొచ్చింది 1989లనే. దాని ప్రకారం పార్టీ నియమావళిల రాజ్యాంగానికి, సోషలిజానికి, సెక్యులరిజానికి, ప్రజాస్వామ్యానికి విధేయత రాసియ్యాలె. అజ్ఞాతంల ఉన్న పార్టీ అది ఎట్ల రాసిస్తది? అందుకే ఎంఎల్ పార్టీల చరిత్ర పార్టీల పేజీల కన్నా స్వతంత్రుల పేజీలల్ల ఎక్కువ దొరుకుతది. అయితే పేపర్ల ఒట్టిగ 'సీపీఐ (ఎంఎల్) అభ్యర్థి' అని రాసిన వార్త ఒక్కటి పట్టుకొని వర్గం తేల్చకుండ్రి, అది ఏ వర్గమైనా కావొచ్చు.

గోదారిగట్టు:

అందరికీ ధన్యవాదాలు. నర్సయ్య గారిని తీసేశాను, పొత్తు, మెజారిటీ గడులు పెట్టాను. ఇంకో మూడు. 2020లో గెలిచిన 12లో 2025 నాటికి సభలో 11 మందే ఉన్నారని చదివాను, ఎందుకు? పాత సహార్ స్థానాన్ని ఇప్పటి అగియావ్ వరుసతో కలపొచ్చా? రెండు సీట్లే వచ్చాయి కాబట్టి రాష్ట్ర పార్టీ హోదా పోతుందా?

ఫారం_ఇరవై:

ఉప ఎన్నికలు సాధారణ ఎన్నికల నివేదికలో ఉండవు, వాటికి వేరే షీటు పెట్టాలి. అగియావ్ ఎమ్మెల్యేకి 2024 ఫిబ్రవరిలో ఒక కేసులో శిక్ష పడి సభ్యత్వం పోయింది. లోక్‌సభ ఎన్నికలతోపాటు జరిగిన ఉప ఎన్నికలో శివ్ ప్రకాశ్ రంజన్ ఆ సీటు నిలబెట్టారు. తరారీ ఎమ్మెల్యే సుదామా ప్రసాద్ అదే ఎన్నికల్లో ఆరా ఎంపీ అయ్యారు, ఖాళీ అయిన తరారీని 2024 నవంబరులో బీజేపీ గెలుచుకుంది. అలా 11.

సహార్‌ని అగియావ్‌తో కలపకండి. 2008 పునర్విభజనలో సహార్, పీరో రెండు పేర్లూ పోయాయి, అగియావ్, తరారీ వచ్చాయి. సహార్ బ్లాకు ఇప్పుడు తరారీలో ఉంది. ఒకదానికొకటి సరిగ్గా సరిపోవు కాబట్టి 2010 దగ్గర గీత కొట్టి కొత్తగా మొదలుపెట్టండి. పాత సహార్ వరుస మాత్రం జాగ్రత్తగా ఉంచండి. రామ్ నరేశ్ రామ్ 1967లో అక్కడే సీపీఎం తరఫున నిలబడి ఓడారు. ఆ తర్వాత నక్సల్బరీ పంథాలో అజ్ఞాతంలోకి వెళ్లి, 1995లో లిబరేషన్ అభ్యర్థిగా అదే సహార్‌లో గెలిచారు, 2000లో, 2005లో కూడా. సహార్ ఉన్న భోజ్‌పూర్ జిల్లా ఎందుకు ఈ పార్టీ కోటో ఆ ఒక్క వరుస చూస్తే తెలుస్తుంది.

బూత్ స్థాయి దాకా వెళ్లాలనుకుంటే రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి సైటులో ఫారం 20, అంటే బూత్‌ల వారీ ఓట్ల పట్టిక, దొరుకుతుంది. బూత్‌ల మొత్తానికి పోస్టల్ ఓట్లు కలపడం మర్చిపోతే 462, 95 లాంటి మెజారిటీల దగ్గర మీ లెక్క తల్లకిందులవుతుంది.

డిపాజిట్_గల్లంతు:

హోదాకి దారులు చాలా ఉన్నాయి, ఏ ఒక్కటి దక్కినా చాలు. అసెంబ్లీ వైపు నుంచి ఒక దారి: మొత్తం స్థానాల్లో 3 శాతం లేదా 3 సీట్లు, ఏది ఎక్కువైతే అది. 243లో 3 శాతం 7.29, అంటే 8 సీట్లు. 2020లో 12తో దాటారు, 2025లో 2తో ఆ దారి మూసుకుపోయింది. ఆరు శాతం ఓట్లు, రెండు సీట్ల దారి కూడా కుదరదు, ఓట్లు 2.84 శాతమే. లోక్‌సభ వైపు నుంచి ఇంకో దారి ఉంది: రాష్ట్రానికున్న ప్రతి 25 ఎంపీ స్థానాలకి ఒకటి, మిగిలిన ముక్కకి ఒకటి. బీహార్‌కి 40, అంటే 25కి ఒకటి, 15కి ఒకటి, మొత్తం 2. లిబరేషన్ 2024లో సరిగ్గా రెండే గెలిచింది. ఆరాలో సుదామా ప్రసాద్ కేంద్ర మంత్రి ఆర్.కె. సింగ్ మీద 59,808తో, కారాకాట్‌లో రాజారామ్ సింగ్ 1,05,858తో. కారాకాట్‌లో భోజ్‌పురి గాయకుడు పవన్ సింగ్ స్వతంత్రుడిగా దిగి రెండో స్థానంలోకి వచ్చారు, ఎన్డీయే అభ్యర్థి ఉపేంద్ర కుష్వాహా మూడో స్థానానికి పోయారు. ఈ లోక్‌సభ లెక్క నడుస్తున్నంతకాలం 2025 ఫలితం ఒక్కటే హోదాకి ఎసరు పెట్టదు. బీహార్ నుంచి 1989 తర్వాత ఈ పార్టీకి మళ్లీ ఎంపీ రావడం 2024లోనే, అందులో ఒకటి అదే ఆరా.

ఝార్ఖండ్ వరుసలో 2024కి 2 అని వేసుకోండి, నిర్సా, సింద్రీ. బగోదర్ పోయింది. అయితే నిర్సాలో అరూప్ చటర్జీ 2009, 2014 గెలుపులు ఎ.కె. రాయ్ పెట్టిన మార్క్సిస్ట్ సమన్వయ కమిటీవి. ఆ కమిటీ లిబరేషన్‌లో కలిసింది 2024లో. విలీనం తేదీకి ముందున్నవి వెనక్కి లాక్కొచ్చి లిబరేషన్ మొత్తంలో కలపకండి. లేదంటే ధన్‌బాద్ నుంచి రాయ్ గెలిచిన 1977, 1980, 1989 లోక్‌సభ ఎన్నికలు కూడా కలపాల్సొస్తుంది, అప్పుడు 1989లో ఈ పార్టీకి ఇద్దరు ఎంపీలని తేలుతుంది!